ఎనిమిది సిలిండర్లూ ఒక ఊ

ఆ రోజు నేను చేసిన తప్పు ఒకే ఒక్క అక్షరం. "ఊ" అన్నాను. అనకూడని చోట, అనకూడని మనిషి ముందు, నాది కాని గొంతుతో అన్నాను. అంతకు ముందు హారన్ కొట్టడం కూడా తప్పే. కానీ దాన్ని తొందరపాటు అనుకుని సర్దుకోవచ్చు. ఊ అన్నది మాత్రం తెలిసే అన్నాను.

నాకు జమ్మలమడుగు దగ్గర నాపరాళ్లకు పాలిష్ పట్టే యూనిట్ ఉంది. ఇల్లు ప్రొద్దుటూరులో. వారంలో సగం రోజులు రాళ్ల గనులకూ, పులివెందుల వైపు బండలు పరిచే కొత్త ఇళ్లకూ తిరుగుతూ ఉండాలి. ఆ గతుకుల్లో నా పాత కారు పూర్తిగా అరిగిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో ఏదైనా పెద్ద బండి తీసుకుందామని నాకు తెలిసిన బ్రోకరు దగ్గరికి వెళ్లాను. ఆయన్ను భాయ్ అంటాను. ఆ ఎండాకాలం ఆయన షెడ్డులో ఒకే మోడలు బండ్లు రెండు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. రెండూ తెలుపే. ఒకదానిది ఆరు సిలిండర్ల ఇంజను, ఇంకోదానిది ఎనిమిది.

భాయ్ రెండు బానెట్లూ ఎత్తి పెట్టాడు.

"చూడప్పా, ఇది ఆరు. ఆరూ ఒకే వరసలో నిలబడుకోని ఉంటాయి, ఇస్కూల్లో ప్రేయరుకు నిలబడినట్ల. అదురు ఉండదు, గోల ఉండదు. ఇంగ ఇది ఎనిమిది. నాలుగు ఈ పక్క, నాలుగు ఆ పక్క, ఎదురెదురుగా. మన ఊర్లలో పార్టీల మాదిరి."

"మరి కొట్టుకోవా?"

"కొట్టుకుంటేనే కదప్పా బండి కదిలేది! డీజిలు మాత్రం పెండ్లిలో పానకం తాగినట్ల తాగుతాది. నీ పనికి ఆరు శానా ఎక్కువ. ఎనిమిది దేనికో నువ్వే చెప్పల్ల."

ముందు ఆరు సిలిండర్లది స్టార్ట్ చేశాడు. పక్క గదిలో ఫ్యాను తిరుగుతున్నట్టు మెత్తగా, ఒకే తీరుగా ఉంది చప్పుడు. తర్వాత ఎనిమిది సిలిండర్లది. ఆ చప్పుడు చెవులకంటే ముందు ఛాతీకి తగిలింది. లోపల ఎక్కడో బరువైన పెట్టెను ఆగకుండా దొర్లిస్తున్నట్టు గుడగుడమంది. ఆ చప్పుడు నాకు తెలుసు.

మా చిన్నమ్మ భర్తకు, అంటే నా చిన్నాయనకు, అలాంటి బండే ఉండేది. కొండాపురం పక్కన వాళ్ల ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో ఎనిమిది సిలిండర్ల బండి అదొక్కటే. చప్పుడును బట్టి బండి ఎవరిదో చెప్పడం మా వైపు అందరికీ వచ్చు. ఒకప్పుడు, పార్టీలు నరుక్కున్న రోజుల్లో, అది ప్రాణం నిలబెట్టుకోవడానికి నేర్చుకున్న విద్య. ఏ చప్పుడుకు తలుపు తీయాలి, ఏ చప్పుడుకు గడియ పెట్టాలి అన్నది పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్లు కూడా చెప్పేవాళ్లు. ఆ భయాలు తగ్గిపోయినా అలవాటు మిగిలింది. వాగు దగ్గర ఆ గుడగుడ వినపడగానే చిన్నమ్మ లేచి, ఇత్తడి చెంబు నిండా నీళ్లు ముంచి అరుగు చివర పెట్టేది. మలుపులో చిన్నాయన ఒక పొడుగు హారన్, ఒక పొట్టి హారన్ కొట్టేవాడు. దిగగానే "వచ్చినావా?" అని ఆమె అడిగేది. "ఊ" అనేవాడు ఆయన. అంతే. కాళ్లు కడుక్కుని లోపలికి పోయేవాడు. ఇంకో మాట మాట్లాడగా నేను తక్కువ విన్నాను.

ఆయన పోయింది ఆ బండిలోనే. పులివెందుల నుంచి వస్తూ రోడ్డు పక్కన ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇంజను నడుస్తూనే ఉంది కాబట్టి పోయేవాళ్లంతా ఎవరి కోసమో కాచుకుని ఉన్నాడనుకున్నారు. ఎంతసేపు అలా నడిచిందో ఎవరికీ తెలియదు. ఇంటి దగ్గర చెంబు అరుగు మీదే ఉంది.

తర్వాత బండిని అమ్మేశారు. ఊరు గండికోట జలాశయం నీళ్లలోకి పోయింది. చిన్నమ్మ పునరావాస కాలనీకి వచ్చింది. చూపు కూడా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఆయన పోయాక కూడా రోజూ మధ్యాహ్నం చెంబు పెట్టడం మానలేదు. పులివెందులలో ఉండే వాళ్ల కూతురు వారం వారం వచ్చి, బతిమాలి, కోప్పడి, ఏడ్చి, చివరికి ఆ అలవాటు మాన్పించింది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా భాయ్ దగ్గర ఎనిమిది సిలిండర్ల బండి తాళమే అడిగాను.

"ఒక దినం తిప్పుకొస్తా."

"తిప్పుకో. యాడికి పోతాండావు?"

"మా చిన్నమ్మకు చూపించి వస్తా."

చూపు లేని మనిషికి చూపించడం ఏమిటని ఆయన అడగలేదు. నేనూ ఆలోచించలేదు. చిన్నాయన ఆ స్టీరింగ్‌ను నన్ను ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు. అది మనసులో ఉంది. జమ్మలమడుగు బజారులో జనం తల తిప్పి చూస్తుంటే ఇంకా ఉబ్బిపోయాను.

కాలనీ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. ఆమె ఇంటి మలుపు దగ్గరికి రాగానే నా చెయ్యి దానంతట అదే హారన్ మీదికి పోయింది. ఒక పొడుగు, ఒక పొట్టి. సరదాకి అనుకున్నాను.

బండి ఆపి చూస్తే అరుగు చివర చెంబు ఉంది. నీళ్లు ఇంకా ఊగుతున్నాయి. చిన్నమ్మ గడపలో నిలబడి, చెదిరిన జుట్టును అరచేతులతో సర్దుకుంటోంది.

"వచ్చినావా?" అంది.

ఆ మాట నన్ను కూడా అడగవచ్చు. కానీ చెంబును చూశాక ఎవరిని అడుగుతోందో నాకు అర్థమైంది. అప్పుడే "చిన్నమ్మా, నేను" అని ఉండాల్సింది. ఆమె ముఖం చూసి జాలిపడి మోసం చేశానని తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ బండి దిగి నిలబడినప్పుడు, ఆ ఒక్క నిమిషం, ఆయనలా ఉండడం నాకు బాగుండింది.

"ఊ" అన్నాను.

"కాళ్లు కడుక్కో."

చెంబు ఎత్తి కాళ్ల మీద నీళ్లు పోసుకున్నాను. ఆ ఎండలో కూడా నీళ్లు బావిలోంచి అప్పుడే తోడినంత చల్లగా ఉన్నాయి. ఆ కాలనీలో బావి లేదు.

ఆమె అరుగు దిగి, తడుముకోకుండా నేరుగా బండి దగ్గరికి నడిచింది. ఎడమవైపు వెనక తలుపు తీసి కూర్చుంది. "ఇది ఒక్క తూరికి పడదు కదా" అని రెండోసారి గట్టిగా లాక్కుంది. రెండోసారికే పడింది. పొద్దుటి నుంచి ఆ తలుపు నేను తీయలేదు.

"ఈడ నాకు ఊపిరాడదు. పద, ఇంటికి పోదాం."

అప్పుడైనా చెప్పలేదు. నోరు తెరిస్తే నా గొంతు తెలిసిపోతుందని భయపడి నడిపాను.

ఎండాకాలంలో జలాశయం వెనక్కి తగ్గినప్పుడు పాత తారు రోడ్డు కొంత దూరం బయటపడుతుంది. రెండు పక్కలా బీటలు వారిన తెల్లటి బురద. నల్లగా ఎండిన తుమ్మచెట్లు నీళ్లలో నిలబడి ఉన్నాయి. తీగలు లేని కరెంటు స్తంభాలు వరసగా, ఒకదానికంటే ఒకటి పొట్టిగా నీళ్లలోకి పోతున్నాయి. రోడ్డు కూడా అలాగే నీళ్లలోకి దిగిపోయింది. అంచున బండి ఆపాను. ఇంజను ఆపలేదు.

"ఏం ఆపితివి? పోనీ. వాగు దాటితే ఇల్లే కదా."

"చిన్నమ్మా" అన్నాను. నా సొంత గొంతే, కానీ బాగా సన్నగా వచ్చింది. "నేను."

ఆమె విననట్టే కూర్చుంది. కాసేపటికి, "ఆ ఇంజను ఆపు. ఆ పక్క నుంచి ఆయప్ప ఏందో అంటాండాడు, వినపడ్ల్యా" అంది.

తాళం తిప్పాను. ఇంజను ఆగింది. ఎండ మాత్రమే మిగిలింది.

"ఆపమంటి కదా" అంది.

"ఆపినా చిన్నమ్మా."

"మరి అదేంది?"

ఆమె ముఖం నీళ్ల వైపు తిరిగి ఉంది. నాకూ వినిపించింది. చాలా అడుగు నుంచి, గుడగుడమని, ఆగకుండా. అవతలి గట్టు మీద నీళ్లు ఎత్తిపోసే పంపుల చప్పుడు అయి ఉంటుందని అనుకున్నాను. అనుకుంటూనే తాళం తిప్పి, బండిని వెనక్కి తిప్పుకుని, దుమ్ము లేపుకుంటూ వచ్చేశాను. ఆ రోజుల్లో పంపులు నడవడం లేదని తర్వాత అక్కడ పనిచేసే ఒకాయన చెప్పాడు. ఆయన్ను ఎందుకు అడిగానా అనిపించింది.

ఆమెను ఇంటి ముందు దించాను. "నేను" అని ఇంకొక్కసారి, గట్టిగా చెప్పాల్సింది. చెప్పకుండానే పారిపోయాను. అంతటితో ఆగలేదు. ప్రొద్దుటూరు చేరాక బండి తిరిగి ఇవ్వకుండా ఇంకొన్ని రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను.

"ఇది ఎవరి బండి భాయ్?" అని ఫోన్‌లో అడిగాను.

"బళ్లారి నుంచి వచ్చిందప్పా. దానికి ముందు యాడుండెనో నాకేం తెలుసు? బండి నోరు తెరిచి చెప్తాదా?"

ఆ వారంలోనే చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది.

"అన్నా, మాయమ్మకు ఏం చెప్పినావు?"

"ఏం చెప్పలేదు పాపా."

"ఊ అన్నావంట, పక్కింటోళ్లు చెప్పినారు. అది చాలదా? నువ్వు పోయినప్పటి నుంచి ఎండలో అరుగు మీదే కూర్చోని ఉండాది. బువ్వ తినదు. చెంబు ఎవరినీ ముట్టనీదు. బండల లారీ పోయినా లేచి నిలబడుతాంది. మీ నాయన వచ్చినాడు, ఊ అన్నాడు, మళ్లీ యాడికో పోయినాడు అంటాంది. పక్కింటోళ్లు నవ్వుతాండారు. నవ్వితే నవ్వనీ. ఈ ఎండకు మాయమ్మ ఆ అరుగు మీదే పోతే ఎవరిని అడగల్ల నేను?"

ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను.

"ఇప్పుడు ఊ అనవేం?" అని పెట్టేసింది.

మరుసటి పొద్దున బండి తీసుకుపోయి భాయ్ షెడ్డులో నిలబెట్టి, ఆరు సిలిండర్ల దానికి ఒప్పుకున్నాను. ఎనిమిది సిలిండర్ల దాన్ని మా వైపు ఎవరికీ అమ్మవద్దని బతిమాలాను. ఆయన నా ముఖం చూసి కారణం అడగలేదు.

"కోస్తా పక్కకు పంపిస్తాలేప్పా. ఆడ దయ్యాలు గూడా అండీ అంటాయి, భయం ఉండదు."

నవ్వబోయాను, రాలేదు.

కొత్త బండిని కాలనీ మొదట్లో ఆపి, నడుచుకుంటూ వెళ్లాను. చిన్నమ్మ అరుగు మీద ఉంది. పెదవులు పగిలిపోయాయి. పక్కన చెంబు. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఒక్కటి కూడా దాచకుండా చెప్పాను. హారన్ కొట్టింది నేను. కాళ్లు కడుక్కున్నది నేను. ఊ అన్నది నేను.

"అను" అంది.

"ఏంది?"

"ఊ అను."

అన్నాను. ఆమె తల పక్కకు వంచి విన్నది.

"కాదు. ఆ దినం అన్నది ఇది కాదు."

మళ్లీ అన్నాను. చిన్నాయనలా లోతుగా అనడానికి ప్రయత్నించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఎన్నిసార్లు అన్నా నాకే నమ్మకం కుదరలేదు. ఆ రోజు నా నోటి నుంచి వచ్చిన గొంతు నేను మళ్లీ ఎంత వెతికినా దొరకలేదు.

ఇక చేయగలిగింది ఒక్కటే కనిపించింది. ఆమె పక్కనే కూర్చున్నాను. లారీ చప్పుడైతే ఆమె లేచేది. "లారీ చిన్నమ్మా" అనేవాణ్ని. కూర్చునేది. ట్రాక్టరుకు లేచేది. "ట్రాక్టరు." స్కూలు ఆటోకు, పాల బండికి, అన్నింటికీ చెప్పాను. పొద్దు వాలుతుండగా ఒక పెద్ద బండి చప్పుడు మలుపు దాకా వచ్చింది. ఆమె లేవలేదు. నా వైపు తిరిగింది.

"జీపు" అన్నాను. "వేరే వాళ్లది."

చప్పుడు మలుపు దాటి పోయేదాకా ఆమె విన్నది. తర్వాత చెంబు తీసుకుని, తడుముకుంటూ పోయి, కరివేపాకు మొక్క మొదట్లో నీళ్లన్నీ పోసేసింది.

"దొంగ నా కొడకా" అంది తిరిగి వస్తూ. "చచ్చిపోయినోని గొంతుతో పలకడం యాడ నేర్చినావురా?"

లోపలికి పోయి పళ్లెం తెచ్చాను. అన్నం కలిపి ఇస్తే ఆమె తిన్నది. కూతురికి ఫోన్ చేసి తిన్నదని చెప్పాను. అవతల ఏడుస్తున్నట్టు తెలిసింది.

ఇప్పుడు వారం వారం పోతాను. బండిని కాలనీ మొదట్లోనే ఆపి, చప్పుడు నా చెవుల్లోంచి పూర్తిగా పోయేదాకా నిలబడి, అప్పుడు నడుస్తాను. మలుపు దగ్గర నుంచే "చిన్నమ్మా, నేనే, మీయక్క కొడుకును" అని అరుస్తాను. "తెలుసులేరా, వీధంతా చాటాల్నా?" అంటుంది. చెంబు లోపల బోర్లించి ఉంటుంది. నాకు నీళ్లు గ్లాసులో ఇస్తుంది.

కూర్చున్నంతసేపు ఆమె ఏవేవో అడుగుతుంది. అవును అంటాను, లేదు అంటాను, తెలియదు చిన్నమ్మా అంటాను. ఊ అని మాత్రం అనను.