మామయ్యగారికి ఇదెలా వచ్చు?

నెల నిండిన మా పాపకి డైపర్ వేయకుండా, మెలికలు తిరగడం గమనించి టబ్ మీద పట్టుకుని "స్స్" అంటూ ఉచ్చ పోయించడం వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను. సగం సార్లు నా నైటీయే తడుస్తోంది.

ఈ రోజు పొద్దున మామయ్యగారు పాపని చూడ్డానికి గొలుగొండ నుంచి నర్సీపట్నం వచ్చారు. తన పిల్లల్నే ఏనాడూ ఎత్తుకోని మనిషని మా ఆయన చెబుతుంటారు. పాపని ఆయన పక్కన పడుకోబెట్టి, టీ పెట్టుకుని వచ్చి నిర్ఘాంతపోయాను. ఆయన పెరటి మెట్టు మీద కూర్చుని, పాపని కాళ్ళ మీద పెట్టుకుని "స్స్" అంటున్నారు. అది హాయిగా పోసేస్తోంది.

"మీకిది ఎలా వచ్చు మామయ్యగారూ?" అన్నాను.

"మీ ఆయన పుట్టినప్పుడు మీ అత్త జబ్బు సేసి ఆస్పత్రిలో ఉండిపోనాదమ్మా. మూడు నెల్లు ఆడ్ని నానే సూసేను. మగోడు పిల్లాడి గుడ్డలు ఉతుకుతున్నాడని నవ్వుతారని, ఊరు లేవకముందే ఉతికీసీవోణ్ణి."

"ఆయనకి ఎప్పుడూ చెప్పలేదేం?"

"సెప్పడానికేటుందమ్మా. బేగి ఓ పొడిగుడ్డ అందుకో."

సాయంత్రం మా ఆయనకి ఇదంతా చెప్పాను. చిన్నప్పటి నుంచీ తండ్రి మీద ఆయనకున్న కోపం నాకు తెలుసు. అంతా విని ఆయన వెళ్ళి మామయ్యగారి పక్కన కూర్చుని, "పాపని ఎలా పట్టుకోవాలో నాకూ సూపించు నాన్నా" అన్నారు.

నేనింకా తేరుకోలేదు. మీ నాన్నల్ని కూడా ఓసారి కదిపి చూడండి, ఏం బయటపడిందో కామెంట్లో చెప్పండి.