గుమ్మడికాయకు మొదటి గాటు

మా వీధిలో ఎవరింట్లో గుమ్మడికాయ కోయాలన్నా నాకే కబురొస్తుంది. నిండు కాయకు మొదటి గాటు మగవాడే పెట్టాలి, ఆ తరవాతే ఆడవాళ్ళు ముక్కలు తరుక్కోవాలి. మావైపు ఇది పాత పట్టింపు. పగటిపూట వీధిలో దొరికే మగవాణ్ణి నేనొక్కణ్ణే. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నాకు మిగిలిన హోదా ఇదే. దాన్ని నేనేమీ తక్కువగా చూడలేదు. కత్తి నాదే పట్టుకెళతాను. గాటు పెడతాను, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేస్తాను.

మా ఇంట్లో కాయలు పండించేదీ నేనే. గుమ్మడి పాదును పెరట్లో షెడ్డు రేకుల మీదికి పాకించాను. మేడ మీద కుండీల్లో నాటు టమాటాలు వేశాను. చలి మొదలయ్యేసరికి రెండూ అందివస్తాయి. ఆ పుల్లటి టమాటా, ఆ తియ్యటి గుమ్మడి మా ఆవిడ చేతిలో పడితే దప్పళం అవుతుంది. అందులో చింతపండు, బెల్లం, ములక్కాడలు, పైన ఇంగువ తాలింపు. ముద్దపప్పు అన్నంలో ఆ పులుసు పోసుకున్నవాళ్ళెవరూ పెరుగు దాకా వెళ్ళడానికి తొందరపడరు. కార్తీకంలో మా వీధివాళ్ళమంతా ఒక తోటలో వనభోజనాలు పెట్టుకుంటాం. ఇంటికొక వంట. మా ఇంటిది ఎన్నేళ్ళుగానో దప్పళమే.

కిందటి కార్తీకంలో, భోజనాలు పదిరోజులున్నాయనగా, ఆవిడ స్నానాలగదిలో జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు వేశారు. ఎదురింటావిడ పలకరించడానికి వచ్చి, "ఈసారి దప్పళం మేం చేసేస్తాంలెండి అక్కయ్యగారూ, మీరు రెస్టు తీసుకోండి" అంది. మా ఆవిడ సరేనని తలూపింది కానీ మొహం చిన్నబోయింది. అది చూసి ఉండబట్టలేకపోయాను.

"అక్కర్లేదమ్మా, మా ఇంటి దప్పళం మా ఇంటి నుంచే వస్తుంది. నేను చేస్తాను" అనేశాను.

కాఫీ కలుపుకోవడం తప్ప వంటగదిలో మరో పని చేసిన పాపాన పోలేదు నేను. ఎదురింటావిడ వెళ్ళాక మా ఆవిడ మెల్లిగా అంది: "చెడితే పోయేది మీ పేరు కాదండి, నాది."

వనభోజనాల రోజు పొద్దున్నే ఒక కాయకు గాటు పెట్టాను. గాటు పెట్టడం వేరు, తరగడం వేరు అని చెక్కు తీసేటప్పుడే తెలిసింది. ఆవిడ వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. "నువ్వలా చూస్తుంటే నాకు చెయ్యాడదు, హాల్లోకెళ్ళు" అన్నాను. వెళ్ళింది. నా టమాటాలంటే నాకు మురిపెం కదా, బాగా మిగలపండినవి డజను కోసి గుమ్మడి ముక్కలతోపాటే గిన్నెలో వేశాను. ములక్కాడలు వేసి చింతపండు పులుసూ పోసేశాను. అన్నీ ఒకేసారి ఉడికితే పని తొందరగా తెములుతుందనుకున్నాను.

గంటయినా ముక్క మెత్తబడలేదు. మంట పెంచాను. ములక్కాడలు పీచుపీచు అయిపోయాయి, గుమ్మడి మాత్రం గట్టిగా అలాగే ఉంది. తొమ్మిదయింది. పదిన్నరకు ఆటో వస్తుంది. ఇక లాభం లేదని ఆవిణ్ణి పిలిచాను. ఎడంచేత్తో గరిటె పట్టుకుని ఒక ముక్క నొక్కి చూసింది.

"పులుపు ముందే తగిలితే గుమ్మడి ఉడకదండి. ముక్క మెత్తబడ్డాకే టమాటా, ఆ తరవాత చింతపండు."

"ముందే చెప్పొచ్చుగా."

"హాల్లో కూర్చున్నానుగా."

తిట్టినా బాగుండేది. షెడ్డు మీంచి ఇంకో కాయ దింపి గోనెసంచి మీద పెట్టి, టమాటాల కోసం మేడెక్కాను. దిగి వచ్చేసరికి కాయ రెండు చెక్కలుగా ఉంది. మా ఆవిడ దాని పక్కనే కూర్చుని ఉంది. ఎడంచేతిలో నా కత్తి.

"ఎవరు కోశారు?"

"నేనే. మోకాలితో అదిమిపెట్టి కోశాను. టైము లేదుగా."

"మొదటి గాటు నువ్వు..."

"మీరు క్యాంపులకెళ్ళిన రోజుల్లో మనింట్లో గుమ్మడికాయ ఎవరు కోశారనుకున్నారండి?"

చెక్కలు చూశాను. సరిగ్గా నడిమికి తెగాయి, ఒక్క గింజ కూడా నలగలేదు. నేనెప్పుడూ అంత నున్నగా కోయలేదు. స్టూలు తెచ్చి పొయ్యి పక్కనే వేసి, కూర్చోమన్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేశాను. "ఇప్పుడు టమాటా" అంటే టమాటా, "బెల్లం ఇంకొంచెం" అంటే ఇంకొంచెం. తాలింపు ఘుమాయించేసరికి బయట ఆటోవాడు హారన్ కొట్టాడు.

తోటలో ఉసిరిచెట్టు కింద బంతులు వేశారు. దప్పళం గిన్నె రెండో బంతికే ఖాళీ అయింది. ఎదురింటావిడ వేళ్ళు నాక్కుంటూ, "అక్కయ్యగారూ, అచ్చం మీ చేతి వంటే. అన్నయ్యగారితో అన్నీ దగ్గరుండి చేయించారా ఏంటి?" అంది.

"ఏమీ లేదండి, కూర్చుని మాటలు చెప్పానంతే. వండింది మావారే" అంది మా ఆవిడ, బంతి మొత్తానికి వినపడేలా. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. హెడ్డాఫీసు వాళ్ళు మెచ్చుకున్న రోజున కూడా అంత అనిపించలేదు.

"అయితే అన్నయ్యగారూ, రేపు మా ఇంటికొకసారి రావాలి. గుమ్మడికాయ కోయించాలి" అంది ఎదురింటావిడ.

"మా ఆవిడ వస్తుందమ్మా" అన్నాను. "నాకంటే బాగా కోస్తుంది. ఎడంచేత్తోనే."