మామయ్య ముంగట నీళ్ల గాజు

మొన్న ఆయుధపూజ నాడు నేను చేసిన ఘనకార్యం మీ చెవిన పడే ఉంటది. పడకపోతే మా ఫ్యాక్టరీల ఎవర్నన్న అడుగుండ్రి, క్యాంటీన్ల చాయ్ పోసేటాయన గూడ నాకంటే మంచిగ చెప్తడు. అయినా నా నోటితోనే వినుండ్రి. వాళ్లు మసాలా జాస్తి ఏస్తరు!

మా మామయ్య హెడ్మాస్టర్. సంగారెడ్డిల ఒక చర్చి బడి నడిపిస్తడు. నేనేమో పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీల కెమిస్ట్‌ను. ఆయన లెక్కల కెమిస్ట్ అంటే సీసాలు కడిగేటోడు. “అమెరికోళ్లు చందమామ మీద దిగిండ్రు, మా అల్లుడు ఇంక సీసాలకాన్నే ఉన్నడు” అని చర్చి బయట నలుగురిల అననే అన్నడు. అంతటితోటి ఊకుంటడా? వాళ్ల బడిల సైన్సు సారు పోస్టు ఖాళీ అయిందట, నన్ను అండ్ల కూసోబెడ్తనని పట్టు పట్టిండు. సొంత మామ కింద నౌకరీ! వారమంతా బడిల ఆయన, ఆదివారం చర్చిల ఆయన, పండుగొస్తే ఇంట్ల ఆయన. తల్చుకుంటేనే నా పానం ఉసూరుమన్నది.

“మామయ్యా, పూజ నాడు ఇంటోళ్లను లోపలికి రానిస్తరు. ఒక్కపారి వచ్చి నా పని చూడుండ్రి. నచ్చకపోతే బడికే వస్త” అని మాటిచ్చిన.

“సరే, చూద్దాం తియ్. గని మాట తప్పొద్దు” అన్నడు.

నాకేం భయం? నా పనితనం చూస్తే మామయ్య ఇంకోపారి బడి మాట ఎత్తడు! చూపెట్టేదాన్ని ముందే తయారు పెట్టుకున్న. మా ఫ్యాక్టరీ మిషన్ షాపుల ఇనుప కడియాలను లిక్విడ్ నైట్రోజన్‌ల, అంటే మంచుకంటే మస్తు చల్లగుండే ద్రవంల, ముంచుతరు. ఆ చలికి అవి జెరంత కుంచించుకపోతయి, అప్పుడు మిషన్ రంధ్రంల దిగ్గొడ్తరు, వెచ్చబడ్డంక బిగుసుకుంటయి. అండ్ల నుంచి ఒక గిన్నెడు నేను అడిగి తెచ్చుకున్న. దాంతోటి నీళ్లను గాజు చెయ్యాలె! మంచుగడ్డ కాదు, అచ్చమైన గాజు. పుస్తకంల చదివిన, రెండు మూడు పార్లు చేసి చూసిన, పక్కాగ వచ్చింది.

పూజ నాడు ల్యాబంతా బంతిపూలు. తక్కెడకు గూడ కుంకుమ బొట్టు పెట్టిండ్రు. మామయ్య తెల్లని ధోతి, కండువా, నల్ల ఫ్రేము అద్దాలతోటి వచ్చిండు. పక్కన మా ఇంటామె సలోమి. ఎనుక మా సూపర్‌వైజర్, ఆయన ఎనుక పులిహోర పొట్లాలు పట్టుకున్న జనం. గంత మందిని చూసి నాకు ఇంకింత హుషారొచ్చింది.

“వినుండ్రి మామయ్యా! మామూలు మంచుల నీటి కణాలు మీ బడి పిల్లలు ప్రేయర్ల నిలబడ్డట్టు వరుసల నిలబడ్తయి. అదే ఎకదమ్ చలిల ముంచితే వరుస కట్టెటందుకు టైమ్ దొరకది. ఎక్కడియి అక్కడ్నే ఆగిపోతయి. అదే గాజు!” అనుకుంట నీళ్లల్ల ఉప్పు కలిపిన.

“మరి ఉప్పెందుకు కలిపినవు?”

“ఉప్పు నడుమల దూరి వరుస కట్టనియ్యది. వంట ఉప్పు పనికిరాదు, ఇది వేరే ఉప్పు, క్యాల్షియం క్లోరైడ్.”

మామయ్య తల ఊపిండు. నాకు కడుపు నిండింది. చిక్కని ఉప్పునీళ్లను రూపాయి బిళ్లంత రేకు మూతల పోసి పట్టుకారుతోటి గిన్నెల దించిన. బుస్సున పొగ! తెల్లని పొగ బల్ల దాటి కిందికి జారుతుంటే జనం “అబ్బో” అన్నరు. మామయ్య ముంగటికి వంగి చూసిండు. అద్దాలు మసకబారినయి. తీసి, గిన్నె మీదనే కండువతోటి గట్టిగ తుడిచి మళ్ల పెట్టుకున్నడు.

“అల్లుడా, నాకు ఒక కంటికి మసకమసకగ కనవడ్తంది.”

“పొగ మామయ్యా! జెరసేపట్ల పోతది.”

పట్టుకారుతోటి దేవులాడిన. మూత ఎక్కడ్నో బోర్ల పడ్డట్టుంది, గని నున్నగ, గుండ్రంగ, తళతళలాడేది ఒకటి దొరికింది. పైకెత్తి దీపం ముంగట పట్టిన. ఎంత తేటగుందో! నేను చేసినయాటిల ఇదే అన్నిటికంటే మంచిగ వచ్చింది.

“చూడుండ్రి, నీళ్లు! ఉత్త ఉప్పునీళ్లు!”

చప్పట్లు. సూపర్‌వైజర్ సార్ నా భుజం తట్టిండు. మామయ్య గూడ “శభాష్” అన్నడు, ఒట్టు!

“ఇప్పుడే అసలు తమాషా. వెచ్చబడ్డకొద్ది ఇది బెల్లం పాకం లెక్క మెత్తబడ్తది. దాన్నే గ్లాస్ ట్రాన్సిషన్ అంటరు. ఆ తర్వాత కణాలకు తెలివొచ్చి వరుస కడ్తయి, తెల్లగ సున్నం లెక్క అయితది. చూస్తుండుండ్రి!”

చూసిండ్రు. మెత్తబడలే. ఇంకింతసేపు చూసిండ్రు. తెల్లబడలే. వేరేటోడైతే పరేషాన్ అయ్యేటోడు. నేనెందుకైత?

“నేను చేసిన గాజు గద, మస్తు గట్టిగుంది. పుస్తకంల గూడ గింత గట్టిది లేదు. ఇగ చూడుండ్రి, మరిగే నీళ్లల్ల ఏస్తే చిటికెల కరిగిపోతది!”

ఏసిన. “టప్” మన్నది. మూడు పెంకులై అడుగున కూసున్నది. కరుగది! గరిటె పెట్టి తిప్పిన. గలగలమన్నది గని కరుగది!

అప్పుడు సలోమి వాళ్ల బాపు మొకం దిక్కు చూసింది. అద్దాల ఫ్రేముల ఏలు పెట్టింది. ఏలు అటు పక్కకు ఎల్లింది!

“బాపూ! నీకు ఈ పక్క అద్దమే లేదు!”

తుడుస్తుంటే వదులైన అద్దం గిన్నెల జారిపడ్డది. నేను ఇంతసేపు పాఠం చెప్పింది మామయ్య కండ్లద్దం మీద! జనం పొట్లాలు కింద పెట్టి మరీ నవ్విండ్రు. నేను గబగబ గిన్నెల దేవులాడి అసలు మూత బయటికి తీసిన. అండ్ల నా నీళ్ల గాజు తేటగ ఉన్నది. మెత్తబడ్డది, తెల్లగ అయింది, చెప్పింది చెప్పినట్టు! గని ఒక్కలు చూస్తే ఒట్టు. అందరు మామయ్య అద్దం పెంకులు ఏరుతున్నరు.

ఇగ అయిపోయింది, రేపటి సంది చేతికి చాక్‌పీసే అనుకున్న. మామయ్య ఒంటి అద్దం సర్దుకొని నన్నే చూసిండు.

“అల్లుడా, బడి ముచ్చట మర్చిపో. నువ్వు ఇక్కడ్నే ఉండు.”

“పని నచ్చిందా మామయ్యా?”

“తప్పు చెప్పేటోడు ఏడనో ఒకకాడ నసుగుతడు. నువ్వు జెర గూడ నసుగకుంట నా అద్దం నాకే చూపెట్టి నీళ్లంటివి, నేను శభాష్ అంటి! ముప్పై ఏండ్ల హెడ్మాస్టర్‌నే నమ్మించినవు, ఇగ పసిపోరగాండ్ల గతేంది? ఇక్కడైతే ఫికర్ లేదు. ఇనుము నీ మాటలు నమ్మది.”

గట్ల నా నౌకరీ నాకు దక్కింది. నా పనితనం చూస్తే మామయ్య ఇంకోపారి బడి మాట ఎత్తడని నేను ముందే చెప్పిన, చెప్పలే?