మధ్యాహ్నం పేకాటకు నలుగురు

మా నాయనమ్మకి తొంభై దాటాయి. సరిగ్గా ఎన్ని అని అడిగితే "నీకెందుకే, నాకేమైనా సంబంధం చూస్తున్నావా?" అంటుంది. పళ్ళు పోయాయి, నోరు పోలేదు.

రోజూ భోజనాలయ్యాక వెనకగదిలో పేకాట. చదరపు బల్ల, చుట్టూ నాలుగు కుర్చీలు. నాయనమ్మతో ఆడేవాళ్ళు ముగ్గురు: బస్సు డ్రైవరు తాత, ఆస్పత్రి నర్సమ్మ, పక్కవీధి టైలరు. ఆ ముగ్గురూ పోయి చాలా కాలమైంది. ఆట మాత్రం ఆగలేదు.

నాయనమ్మే నాలుగు చేతులకీ ముక్కలు పంచుతుంది. కర్ర పట్టుకుని ఒక కుర్చీలోంచి లేచి ఇంకో కుర్చీలో కూర్చుంటుంది, ఆ మనిషిలాగే ఆడుతుంది. ఉద్యోగమంతా ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో చేసింది. ఊళ్ళోవాళ్ళ మొహాలు తెలియకపోయినా గొంతులన్నీ తెలుసు. అందుకే డ్రైవరు కుర్చీలో కూర్చుంటే డ్రైవరు గొంతే వస్తుంది. తలుపు బయట నిలబడితే ముందు బొంగురు దగ్గు వినిపించేది. వెంటనే, "ఏం ముక్కలు పంచావు తల్లీ, చెత్తబుట్టలోంచి ఏరుకొచ్చావా?" అని. నర్సమ్మ సన్నగా నవ్వేది. టైలరు ముక్క దాచేవాడు. "చచ్చినా మారవురా నువ్వు" అంటూ నాయనమ్మ తన చేతిమీద తనే చరుచుకునేది.

ఈ కుర్చీల పద్ధతి ఎక్స్‌ఛేంజీలో నేర్చుకున్నదే. అక్కడ ఎవరైనా సెలవు పెడితే, వాళ్ళ సీట్లో ఎవరు కూర్చుంటే ఆ పూటకి వాళ్ళే ఆ మనిషి. "సీటు ఖాళీగా ఉంచితే అవతల పిలిచేవాడు ఏమైపోతాడే?" అనేది.

అత్త తన భర్త పోయాక మా ఇంటికి వచ్చేసింది. మొదటి మధ్యాహ్నమే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "ఒరేయ్, వెనకగదిలో అమ్మతో ఎవరో మగమనిషి ఉన్నాడు!" అంది నాన్నతో.

"టైలరు అయ్యుంటాడక్కా" అన్నాడు నాన్న, పేపర్లోంచి తల ఎత్తకుండా.

అత్త డాక్టరుని పిలిపించింది. ఏ వారం, ఏ నెల, ఇంట్లో ఎవరెవరు అని ఆయన అడిగాడు. నాయనమ్మ అన్నీ చెప్పి, "నీ గొంతులో గరగర ఉంది, ఎవరికైనా చూపించుకో బాబూ" అంది. ఆయన నవ్వేశాడు. ఈ వయసులో బుర్ర ఇంత చురుగ్గా ఉందంటే నలుగురితో కలిసి కూర్చోవడం వల్లే, అది మాత్రం ఆపకండి అన్నాడు.

"ఆ నలుగురిలో ముగ్గురు శ్మశానంలో ఉన్నారండీ" అంది అత్త.

డాక్టరు గబగబా బ్యాగు సర్దుకున్నాడు.

"ఇలా పిలుస్తూ కూర్చుంటే వాళ్ళు అమ్మని తీసుకుపోతారు" అని అత్త మూడు కుర్చీల్నీ పేకముక్కల్నీ అటకెక్కించింది. పాపం, భయంతో చేసిన పనే.

నాయనమ్మ ముందు వారాలు మరిచిపోయింది, తర్వాత మనుషుల్ని. అత్త కాఫీ ఇస్తే "మీరు ఎవరి తాలూకండీ?" అంది. నాన్న మంచం దగ్గరికెళ్ళి "అమ్మా" అన్నాడు.

"ఎవరు కావాలండీ?" అంది, ఎక్స్‌ఛేంజీ గొంతుతో.

"నువ్వేనమ్మా కావాలి."

"ఆ నంబరు పలకడం లేదండీ."

నాన్న పెరట్లోకి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

నేను అటకెక్కాను. అత్త కింద నిలబడి నన్ను తిడుతూనే ఉంది, నిచ్చెన మాత్రం వదల్లేదు. కుర్చీలు వేసి నాయనమ్మని తన చోట కూర్చోబెట్టాం. ముక్కలు ముట్టలేదు. నాలుగు కుర్చీలూ తిరిగే సత్తువ ఆ కాళ్ళలో లేదు. అప్పుడు నేను వెళ్ళి డ్రైవరు కుర్చీలో కూర్చున్నాను.

నాయనమ్మ తల తిప్పింది. "ఇంతాలస్యమేం డ్రైవరూ?"

"బండి పంచరు" అన్నాను.

"ఎప్పుడూ అదే సాకు. పంచు."

నాన్నని టైలరు కుర్చీలోకి లాగాను. ఆయనకి ముక్క దాచడం రాదు. "ఒంట్లో బాలేదా, ఇవాళ దొంగాట ఆడటం లేదు?" అని నాయనమ్మ గద్దించింది. అత్త గుమ్మం దాటలేదు. కానీ నర్సమ్మ ఖాళీ కుర్చీని చూసి నాయనమ్మ మొహం మళ్ళీ మసకబారుతుంటే, పరుగున వచ్చి కూర్చుంది.

ఆ రోజు నుంచి రోజూ ఆటే. ఆట అయ్యాక కుర్చీల్లోంచి లేస్తే చాలు, నాన్న కొడుకైపోయేవాడు, అత్త కూతురైపోయేది, నేను పనికిమాలిన పిల్లనైపోయేదాన్ని. ఆ తిట్టు వినడానికే త్వరగా లేచేదాన్ని.

ఒకరోజు ముక్క వేస్తూ నాయనమ్మ అడిగింది: "డ్రైవరూ, ఆ వానలో బస్సు వంతెన మీద ఎందుకు ఆపేశావో ఇప్పటికైనా చెప్పు."

నాకేం తెలుసు? ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. ముందు దగ్గు వచ్చింది, బొంగురుది. ఆ వెనకే నాది కాని గొంతు. "అవతలి ఒడ్డున మా ఆవిడ నిలబడి రావద్దని చెయ్యి ఊపింది తల్లీ. అప్పటికే అది పోయి ఏడాది."

"అనుకున్నాలే" అని నాయనమ్మ ముక్క ఎత్తింది.

"అది నీకెవరు చెప్పారే?" అన్నాడు నాన్న. ఎప్పుడో తలుపు వెనక విన్నానన్నాను. వినలేదు.

ఇప్పుడు నాయనమ్మ మంచం దిగలేకపోతోంది. మంచమే వెనకగదిలోకి తెచ్చేశాం. నిన్న నన్ను పిలిచి, "నాకు సెలవు. నా సీటు నువ్వు చూసుకో" అంది.

"మరి డ్రైవరు కుర్చీ?"

"వాడి సంగతి వాడు చూసుకుంటాడు. నువ్వు పద."

ఆవిడ కుర్చీలో కూర్చోగానే మోకాళ్ళు సలిపాయి. నాలుగు చేతులకీ పంచాను. నాన్న ముక్క వేసి, తను టైలరన్న సంగతి మరిచిపోయాడు.

"అమ్మా, నీ వంతు."

"ఉండరా, తొందరేం?" అన్నాం. మంచం మీంచి ఆవిడా, కుర్చీలోంచి నేనూ, ఒకే గొంతుతో.

అత్త చేతిలో ముక్కలు జారి కిందపడ్డాయి. నాన్న మంచం వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎటు తిరగాలో తెలియక, మా ఇద్దరికీ మధ్యనున్న గోడకేసి చూస్తూ, "సరేనమ్మా" అన్నాడు.