చవుటి నేలలో మడ మొక్కలు

ఆ ఏడాది ఇద్దరు మనుషులంటే నాకు పడేది కాదు. ఒకరు నాకు పని ఇచ్చిన సారు. ఇంకొకరు మడ అడవిలో పీతలు పట్టుకునే ఆవిడ.

బాటనీ చదివి రామచంద్రపురంలో ఇంట్లో కూర్చున్న నాకు, గోదావరి సముద్రంలో కలిసేచోట ఆ పని దొరికింది. కవర్లలో పెంచిన తెల్లమడ మొక్కల్ని మూడు చోట్ల నాటాలి: పాయ ఒడ్డున బురదలో, పెద్ద చెట్ల నీడలో, పోటు నీళ్లు ఎప్పుడో గాని చేరని చవుటి నేలలో. ఒకే జాతి మొక్క ఏ చోట ఎంత ఎదుగుతుందో చూడాలి. ప్రతి మొక్కకూ నంబరు కొట్టిన రేకు బిళ్ల కట్టి, నెలనెలా ఎత్తు కొలవడం నా పని.

పాయ ఒడ్డున మేం వల కంచె వేసినచోటే ఆవిడ రోజూ పడవ కట్టుకునేదట. మాకెవరూ చెప్పలేదు, మేం అడగనూ లేదు. మోకాలి లోతు బురదలో నిలబడి అడిగింది.

"ఎవర్ని అడిగి కట్టారండి ఇది?"

"గవర్నమెంట్ పర్మిషన్ ఉంది."

"పడవ ఎక్కడ కట్టుకోవాలో కూడా అందులో రాసుంటది. చదివి చెప్పండి."

నేను మొక్కలకు బిళ్లలు కట్టుకుంటూ పోయాను. మర్నాడు వచ్చేసరికి కంచె ఒకవైపు కోసేసి ఉంది. మొక్క ఒక్కటీ తొక్కలేదు. అయినా నాకు ఒళ్లు మండింది. మళ్లీ కట్టించాను, మళ్లీ కోసింది. ఎదురుపడితే ముఖాలు తిప్పుకునేవాళ్లం. చవుటి నేలలో నాటుతున్న రోజు మాత్రం ఆవిడ మా దగ్గర ఆగింది.

"ఎండాకాలం ఇక్కడ ఉప్పు తేలుద్దండి. ఒక్కటీ మిగలదు."

"అది తెలుసుకోడానికే నాటుతున్నాం."

"తెలిసినోళ్లని అడిగితే పోయేదిగా," అని వెళ్లిపోయింది.

మే నెలకి అక్కడి మొక్కలన్నీ మాడిపోయాయి. దాచాల్సిందేమీ లేదు, చావడం కూడా ఒక ఫలితమే. కాని పై అధికారులు చూడటానికి వస్తున్నారని సారుకి భయం పట్టుకుంది.

"సగమైనా పచ్చగా కనపడాలమ్మా. కవర్లలో మిగిలినవి ఉన్నాయిగా, నాటేసి బిళ్లలు మార్చెయ్యి."

"అది తప్పు కదండి?"

"తప్పొప్పులు చెప్పడానికి కాదు నిన్ను పెట్టుకుంది."

మార్చాను. ఎండిన పుల్లల బిళ్లలు విప్పి కొత్త మొక్కలకు కడుతుంటే వెనక అలికిడైంది. ఆవిడే. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"చచ్చినదాని నంబరు బతికినదానికి కడుతున్నావా?" అంది. ఈసారి 'అండి' లేదు.

"నీ పని నువ్వు చూసుకో," అని అరిచాను. అంత అసహ్యం నాకు ఎవరి మీదా కలగలేదు. ఆవిడ మాటలో తప్పు లేకపోవడం వల్లే అనుకుంటాను.

అధికారులు వచ్చిన రోజు ఆవిడ వాళ్ల ముందు నిలబడి పడవ సంగతి చెప్పింది, బిళ్లల సంగతీ చెప్పింది. సారు ఏమీ ఎరగనట్టు నావైపు తిరిగారు.

"ఏంటమ్మా ఇది? నాకు చెప్పకుండా చేశావా?"

"మీరు చెబితేనే చేశానండి. చేసింది మాత్రం నేనే."

చవుటి నేల కొలతలన్నీ కొట్టేశారు. కంచె వెనక్కి జరిపించారు. నన్ను తీసేశారు. సారు ఉన్నారు.

సంచి భుజాన వేసుకుని వెళ్తుంటే ఆవిడ పడవలో ఎదురైంది. తప్పయిందని అనాలనుకున్నాను.

"రేవుదాకా దింపుతావా?" అన్నాను.

"నడిచే దారుందిగా," అని తెడ్డు వేసింది.

ఆ బురదలో నడిచే వెళ్లాను, దారి పొడుగునా ఆవిణ్ణి తిట్టుకుంటూ.