మా ఏజెన్సీ సప్లయి చేసిన యజమానులు

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలమనుకునేరు, మొన్నమొన్నటి మాటే. కాకపోతే అప్పటికి నా బెల్టు ఇంకా పాత రంధ్రంలోనే పట్టేది కాబట్టి దాన్ని పాతకాలం కిందే జమ వేసుకుంటున్నాను. డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం చేతికి రాక జమ్మలమడుగులో తిరుగుతుంటే, మా అమ్మ పోరు పడలేక మా మేనమామ నన్ను ప్రొద్దుటూరులోని తన మ్యాన్‌పవర్ ఏజెన్సీలో ఫీల్డ్ ఆఫీసరుగా పెట్టుకున్నాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆస్పత్రులకూ, కాలేజీలకూ, సిమెంటు ఫ్యాక్టరీ గేట్లకూ మేం సెక్యూరిటీ వాళ్లను పంపేవాళ్లం. వాళ్లను తయారుచేయడం నా పని. కారు ఆగిన చప్పుడు వినగానే లేవాలి, తలుపు తీయాలి, మడమ కొట్టి సెల్యూట్ చేయాలి, ఎవరిని కలవాలని మర్యాదగా అడగాలి, డ్యూటీలో వీపు కుర్చీకి ఆనకూడదు. (ఇవన్నీ నాకెవరు నేర్పారని అడక్కండి. సినిమాలు చూసి నేర్చుకున్నాను.)

అంతా సవ్యంగా సాగుతుండగా మా జిల్లా రెండు ముక్కలైంది. రాయచోటి కొత్త జిల్లాలోకి వెళ్లిపోయింది. మా లైసెన్సేమో కడప జిల్లా వరకే. అంటే రాయచోటి ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డ మా మనుషులు ఒక్క అడుగు కదలకుండానే పరాయి జిల్లా వాళ్లయిపోయారు. లైసెన్సు లేని వాళ్లను ఉంచుకోలేమని ఆస్పత్రి వాళ్లు పట్టుబట్టారు. ఆ గేటు దగ్గర పెద్ద దిక్కు మీసాలన్న. కొండాపురం దగ్గర సొంతూరు రిజర్వాయరులో మునిగాక, రాయచోటిలో కాపురం పెట్టి పిల్లల్ని అక్కడి బడిలో వేసినవాడు. సంగతి చెప్పడానికి నేనే వెళ్లాను. ఆయన కోప్పడలేదు. "ఊర్లో నుంచి నీళ్లు లేపినాయి. ఈడ నుంచి జిల్లా గీత లేపుతాంది. మేం యాడుంటే మీకు సరిపోతాదో చెప్పప్పా" అన్నాడు.

ఇదే బాధ చాలా ఏజెన్సీలకు రావడంతో మా ఏజెన్సీ యజమానుల రాష్ట్ర సంఘం రంగంలోకి దిగింది. సంఘం అధ్యక్షులవారు విజయవాడ మనిషి. లైసెన్సుల వ్యవహారం చూసే పెద్దాఫీసరు ఒక మేడమ్ అనీ, ఆవిడ మనకు సమయం ఇచ్చారనీ ఫోన్లో చెప్పి, "గది నిండా యజమానులు కనబడాలండీ, మీ కడప నుంచి ఓ ఆరుగురు వస్తే మన మాటకు బలం ఉంటుందండీ" అన్నారు. మామ వెంటనే తోటి యజమానులకు ఫోన్లు కలిపాడు. జమ్మలమడుగు యజమాని ఇంట్లో పెళ్లి. పులివెందుల యజమాని "నువ్వు పోతే నేను పోయినట్లే మామా" అని ఆప్యాయంగా తప్పించుకున్నాడు. మిగతావాళ్లు ఫోనే ఎత్తలేదు. మామ కాసేపు గడ్డం గోక్కుని, "ఏమిరా, ఆయప్పకు కావాల్సింది మనుషులే గదా? మనుషుల్ని పంపేదే గదా మన యాపారం" అన్నాడు. మనుషులు కావాలని ఎవరడిగినా ఏనాడూ లేదని చెప్పని నోరు అది.

అలా మీసాలన్నతో కలిపి ఐదుగురు సెక్యూరిటీ వాళ్లు తెల్లచొక్కాలు తొడుక్కుని యజమానులైపోయారు. వాళ్లకు యజమానిలా కూర్చోవడం నేర్పే భారం నా మీదే పడింది. "వెనక్కి ఆనుకో అన్నా, కాలు మీద కాలేసుకో" అంటాను. మీసాలన్న రెండు నిమిషాలు ఆనుకుని మళ్లీ నిటారుగా అయిపోతాడు. "ఆనుకుంటే నువ్వే గదప్పా తిడ్తాంటివి" అంటాడు. "అది గేటు దగ్గరన్నా" అంటే, "యాడుండేది వీపుకేం తెలుస్తాదప్పా" అంటాడు. విజయవాడ బస్సులో కూడా దారి పొడుగునా ఈ పాఠమే చెప్పాను.

తీరా విజయవాడ ఆఫీసు గదిలో మావాళ్లు బ్రహ్మాండంగా కూర్చున్నారు. అధ్యక్షులవారు చూసి "కడప వాళ్ల దర్జాయే వేరండీ" అని మామతో అన్నారు కూడా. ఇంతలో కిటికీ అవతల కారు ఆగిన చప్పుడైంది. (ఆ చప్పుడొక్కటీ నేను లెక్కలోకి తీసుకోలేదు.) ఐదుగురూ ఒక్కసారే లేచారు. ఒకాయన వెళ్లి తలుపు తీసి పట్టుకున్నాడు. అడుగుల చప్పుడు దగ్గరయ్యేసరికి మడమలన్నీ ఒకే దెబ్బగా మోగాయి, చేతులు నుదుటికి వెళ్లాయి. లోపలికి అడుగుపెట్టిన మేడమ్‌ను మీసాలన్న ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఎవురిని కలవాల మేడమ్?"

అది ఆవిడ గదే. అధ్యక్షులవారు కళ్లు మూసుకున్నారు. ఆవిడ తన కుర్చీలో కూర్చుని, నవ్వు ఆపుకుంటూ, "మీరు ఏ ఏజెన్సీ యజమానండీ?" అని మీసాలన్నను అడిగారు. పులివెందుల ఏజెన్సీ పేరు చెప్పాలని ముందే వల్లె వేయించాను, ఆయన మాత్రం "రాయచోటి ఆస్పత్రి గేటు మేడమ్" అన్నాడు. ఇదంతా ఎవరు నేర్పారని ఆవిడ అడిగితే అందరి వేళ్లూ నా వైపు తిరిగాయి. నా ఉద్యోగం, మామ పరువు, మీసాలన్న గేటు అన్నీ కలిసి పెన్నలో పోయాయనుకున్నాను. ఆవిడ మామ వైపు తిరిగి, "మా గేటాయన నేనొస్తే తల కూడా ఎత్తడండీ. వీళ్లలో ఇద్దర్ని మాకు పంపగలరా?" అన్నారు.

మనుషులు కావాలన్నవాళ్లకు మామ లేదని చెప్పడం అదే మొదటిసారి. "పంపలేం మేడమ్" అన్నాడు. "మా లైసెన్సు కడప దాటదు. ఈయప్ప శానా దినాల నుంచి రాయచోటిలో గేటు కాస్తాండాడు. గీత జరిగింది గానీ మనిషి జరగలే. ఇప్పుడు ఆడ కూడా నిలబడగూడదంట. అది చెప్పుకుందామనే ఇంతమందిమి వచ్చినాం."

మీసాలన్న తల వంచుకుని నిలబడ్డాడు. అధ్యక్షులవారు గ్రాంథికంలో పేజీల కొద్దీ రాసుకొచ్చిన వినతిపత్రాన్ని ఆవిడే అడిగి తీసుకున్నారు. కొన్నాళ్లకు, జిల్లాలు మారకముందు నుంచి పనిచేస్తున్న వాళ్లను కదపొద్దని, లైసెన్సు మార్పించుకునేదాకా పాతదే చెల్లుతుందని ఉత్తర్వు వచ్చింది. సంఘం సభలో అధ్యక్షులవారు అది తమ నిరంతర కృషి ఫలితమని చెప్పి శాలువా కప్పించుకున్నారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు మా మామే.

ఇప్పుడు ఆ సంఘానికి జిల్లా కార్యదర్శిని నేను. ఆఫీసర్ల ముందు పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చుంటున్నాను, "అండీ" అనడం కూడా నాలుకకు పట్టుబడింది. ఈమధ్య రాయచోటి ఆస్పత్రికి వెళితే, మీసాలన్న గేటు దగ్గర తన కుర్చీని నా వైపు జరిపాడు. "కూచోప్పా. వెనక్కి ఆనుకో, కాలు మీద కాలేసుకో" అన్నాడు, అచ్చం నా గొంతుతో. ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం. నేను దర్జాగా ఆనుకోబోతుండగా గేటు ముందు ఏదో కారు ఆగిన చప్పుడైంది. చూసుకునేసరికి ఇద్దరం లేచి నిలబడి ఉన్నాం. సెల్యూట్ ఆయన కొట్టాడు. సగం దాకా లేచిన నా చేత్తో నేను తల దువ్వుకున్నాను.