చేతులెత్తితే గుర్రుమన్న గిటార్

నేను జనక్‌పురిలో నర్సుని. ఆదివారాలు మా తెలుగు క్రైస్తవ సంఘంలో చవకరకం ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. తీగల మీద చెయ్యి ఉన్నంతసేపూ అది బుద్ధిగా ఉండేది, తీశానంటే స్పీకర్లో గుర్రుమనేది.

ఓ ఆదివారం మౌన ప్రార్థనలో మైమరచి రెండు చేతులూ పైకెత్తేశాను. హాలంతా గుర్ర్! పాస్టర్ గారు కళ్ళు తెరిచి, "సిస్టర్, ఒక చెయ్యి గిటార్ మీదే ఉంచండి. ప్రభువు ఏమీ అనుకోడు" అన్నారు. పిల్లలు పకపకా నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చాక మా ఆయన దాన్ని విప్పి చూశారు. "చవకది కదా, లోపల అడ్డేమీ పెట్టలేదు. చుట్టుపక్కల కరెంటు గోలంతా లాగేస్తోంది" అన్నారు. నా డ్యూటీ చపాతీలు చుట్టే ఫాయిల్ తెచ్చి, లోపలి గోడలకి అంటించి, ఎర్త్ వైరుకి కలిపారు.

మరుసటి ఆదివారం భయంభయంగానే చేతులెత్తాను. చప్పుడు లేదు! ఆ నిశ్శబ్దంలో ముందు వరుసలోని సుగుణ ఆంటీ గుసగుసగా చేసుకునే ప్రార్థన మొదటిసారి నా చెవిన పడింది: "ఈ పిల్ల గిటార్‌కి నెమ్మది దయచెయ్యి తండ్రీ."

అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది నేనే. ఫాయిల్ సంగతి ఆంటీకి ఇంతవరకూ చెప్పలేదు.